నలుబదవ సీటు సంగ్రామము

కృష్ణవేణి పాయలుపాయలుగా చీలి సముద్రమునందు కలియుచోట, ఉప్పుగాలికి తలుపుమేకులు తుప్పుపట్టగా ప్రతియేటను క్రొత్తమేకులు కొట్టుకొనుచు బ్రతుకునట్టి బందరు పురమున, స్వభాను నామ సంవత్సరమందు, జ్యేష్ఠ శుద్ధపక్షమున, మృగశిర కార్తె ప్రవేశించియు వాన మాత్రము ప్రవేశింపని మూడవ దినమున, అనగా ఇంగ్లీషు లెక్కకు రెండువేల మూడవ సంవత్సరము జూన్ పదవ తేదీ మంగళవారమునాడు, సాయంకాలము నాలుగు గంటలలోపల జరిగి ముగిసిన యొక ఘోరసంగ్రామమును చెప్పెదను. అందు రక్తము చిందలేదు. ఒక రబ్బరు చెప్పు తెగినది. నెమ్మదిగా వినుడు.

ఆ పురమున ఆకుపచ్చ గేటు బడి యని జనులు పిలుచు ఇంగ్లీషు మీడియము పాఠశాల యొకటి కలదు. బోర్డు మీద దానికి పెద్ద పేరే యున్నది గాని, ఆ పేరు చెప్పి దారి యడిగినవారిని రిక్షావారు వింతగా చూతురు. ఆ దుర్గమునకు అగడ్త లేదు, బురుజులు లేవు, కావలికుక్క కూడ లేదు. ఉన్నదల్లా ఒక సంఖ్య. నలభై. ఎల్.కె.జి. యందు నలుబది మందికి మించి నలుబదియొకటవ ప్రాణిని చేర్చుకొనబోనని ప్రధానోపాధ్యాయిని అరుణకుమారిగారు ప్రతిజ్ఞ పట్టి పదునొకండేండ్లయినది. కౌన్సిలర్ల సిఫారసు చీటీలు, డాక్టర్ల ఫోనులు, కొబ్బరిబోండముల గెలలు, చివరకు ఆమె సొంత ఆడపడుచు కన్నీళ్ళు సైతము ఆ సంఖ్యకు తగిలి నుగ్గునుగ్గయిపోయినవి. ఆమె వాదమున శాస్త్రము లేదు, వడ్రంగము మాత్రము కలదు.

"నా దగ్గర చిన్న బెంచీలు పది ఉన్నాయండీ. బెంచీకి నలుగురు. ఐదోవాణ్ణి కూర్చోబెడితే చివరివాడు కింద పడతాడు. పడినవాడు ఏడుస్తాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ మొదలెడతారు. అంతమంది ఏడుస్తుంటే ఇంక పాఠం ఎవరికి వినపడుద్దండీ?"

ఈ ప్రశ్నకు బందరులో ఎవ్వరును సమాధానము కనుగొనలేదు. కావున నలుబది మంది తరువాత వచ్చినవారిని ఆమె వెయిటింగు లిస్టు అను త్రిశంకు సీమకు పంపుచుండెను. ఆ సీమ ధర్మము చెప్పుటకు తేలిక. నలుబది మందిలో ఎవరైనను జూన్ పదవ తేదీ నాలుగు గంటలలోపల బిడ్డ జనన ధ్రువపత్రము చూపి, ఫీజు కట్టనియెడల వారి చోటు ఖాళీయగును. ఆ చోటు లిస్టులో ఒకటవ వానికి దక్కును. తక్కినవారు తలా ఒక మెట్టు పైకి జరుగుదురు. నలుబది పేర్ల కాగితమొకటి, త్రిశంకువుల కాగితమొకటి, గేటు పక్కన అద్దాల పెట్టెలో వ్రేలాడుచుండును. ఫీజు కట్టినవారి పేరు పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టు అధికారము అటెండరు మోషేది. ఆ ఎర్ర పెన్ను అతని జేబునుండి పైకి వచ్చినప్పుడెల్ల గేటు బయట నిలిచిన తల్లిదండ్రులు మునివ్రేళ్ళపై లేచెడివారు.

అట్టి త్రిశంకు సీమకు ఒకటవ నంబరు ప్రభువు, పెడన పుర వాస్తవ్యుడు, కలంకారీ అద్దకమున దిట్ట, కరక్కాయ నీళ్ళలో మునిగిమునిగి మోచేతులదాక పసుపెక్కిన హస్తములవాడు, మన కథానాయకుడు శోభనాద్రి. దరఖాస్తు ఫారములు ఇచ్చు ఏప్రిల్ ఇరువది యెనిమిదవ తేదీన ఇతడు తెల్లవారకమునుపే లేచి, తొలి బస్సు ఎక్కవలసినవాడై, పెడన బస్టాండులో టీ వాసన ముక్కుకు సోకగా ఒక్క గ్లాసుకని ఆగి, రెండవ బస్సుకు వచ్చి, ఏడు గంటలకు వరుసలో నలుబదియొకటవ వాడై నిలిచెను. ఆ టీ అంత బాగుగా కూడ లేదు.

సీటుకై ఇతనికింత పట్టుదల యేలనన, రెండేండ్ల క్రిందట హైదరాబాదు నుండి యొక వ్యాపారి ఇంగ్లీషులో వ్రాసిన ఆర్డరు కాగితము తెచ్చి ఇతని చేతబెట్టెను. ఇంగ్లీషు రాదని చెప్పుటకు నామోషీపడి, శోభనాద్రి తలయూపి, మామిడిపిందెల అద్దకము కోరినవానికి మూడువందల మీటర్ల నెమళ్ళు అద్ది పంపెను. ఆ నెమళ్ళు తిరిగివచ్చి ఇప్పటికిని అతని ఇంట దుప్పట్లుగా, కర్టెన్లుగా, గలీబులుగా పురివిప్పి యాడుచున్నవి. తన కూతురు నాలుగేండ్ల హాసిని అట్టి కాగితమును గడగడ చదువవలెనని ఆనాడే అతడు నిశ్చయించుకొనెను.

బందరులో సీటు రాకున్న మరొక దారి కలదు. గుడివాడలో అన్న రామ్‌ప్రసాద్ ఇంటిపక్కనే ఇంగ్లీషు బడి, అందు కావలసినన్ని సీట్లు. కాని బిడ్డ అక్కడనే యుండి ఆదివారము ఆదివారము పెడనకు రావలెను. తండ్రి బొటనవ్రేలు పట్టుకొననిదే నిద్రపోని పిల్ల అది. గుడివాడ మాట తలపునకు వచ్చినప్పుడెల్ల శోభనాద్రి, ఎవరితోను చెప్పుకొనలేక, అచ్చు చెక్కను గుడ్డ మీద మామూలుకన్న గట్టిగా కొట్టెడివాడు.

ఆరు వారములు అతడు రోజు విడిచి రోజు పని ముగించుకొని బస్సెక్కి వచ్చి అద్దాల పెట్టె ముందు నిలిచి, పోవునప్పుడు మేడంగారికి ఆ నలభై మీద ఒక ఫిర్యాదు చెప్పి పోయెడివాడు. లిస్టులో రెండవ నంబరు వరుణ్ అను పిల్లవానిది. వాని పక్షమున యుద్ధము చేయునది వాని అమ్మమ్మ సీతమ్మ, బందరులో కూతురింట నుండునది. తాటిముంజలు తెచ్చి, గోటితో ఒలిచి, ఒకటవ నంబరుకు రెండు, తనకు ఒకటి పంచుచు, ఆమె గేటు నీడన కూర్చుండెడిది. శత్రుశిబిరమున ఒక్కొక్క పేరు పక్కన టిక్కు పడుచుండెను. ఇరువది. ముప్పది. ముప్పది యేడు. జూన్ ఏడవ తేదీకి ముప్పది తొమ్మిది పేర్లు ఎర్రబడినవి. మిగిలినది ఒక్కటి.

"నం. 40. నాగవల్లి, మోపిదేవి."

"ఈ నాగవల్లి వాళ్ళు వస్తారా బాబూ, రారా?" అని సీతమ్మ రోజూ అడిగెడిది.

"వచ్చేవాళ్ళయితే ఈపాటికి వచ్చేవాళ్ళు కాదా పిన్నిగారూ."

"రాకపోతే నీకు సీటు. నీకొస్తే మావాడు ఒకటో నంబరు. చూద్దాం."

ఎనిమిదవ తేదీ ఆదివారము. తొమ్మిదవ తేదీన శోభనాద్రి సహనము నశించెను. అతడు ప్రధానోపాధ్యాయిని గది గుమ్మమున నిలిచి, "ఓ నలుబది సంఖ్యా సింహాసనాధీశ్వరీ, ఆరు వారములుగా ఫీజు కట్టక, ముఖము చూపక, నా బిడ్డ చోటును నాగుపామువలె చుట్టుకొని పడుకొనియున్న ఆ మాయావిని తక్షణమే లిస్టునుండి పెరికివేయుము, లేదేని నేడు ఈ గుమ్మము కదలను" అని మనసులో గర్జించి, పైకి మాత్రము, "ఏమండీ మేడంగారూ, నలభయ్యో నంబరు వాళ్ళు ఏమైనా కబురు పెట్టారాండీ?" అనెను.

"రేపు నాలుగింటిదాకా టైముందండీ వాళ్ళకి. మీరు రోజూ వచ్చి ఆ నలభై మీద ఫిర్యాదు చేస్తే నేనేం చేస్తాను చెప్పండి. వాళ్ళ ఊరెళ్ళి అడిగి రండి కావాలంటే."

ఆమె విసుగుతో అన్నమాటను అతడు యుద్ధాజ్ఞగా స్వీకరించెను.

ఆ రాత్రి అన్నము వడ్డించుచు భార్య సాయిదుర్గ యొక ఉపాయము చెప్పెను. "ఆ పిల్లది మోపిదేవే అంటున్నారు. మా అమ్మ ఉండేది మోపిదేవేగా. ఆవిణ్ణి అడిగితే ఎవరో ఏంటో ఇట్టే చెప్పుద్ది కదండీ."

"ఆవిడకి మాత్రం చెప్పమాక."

ఎందుకనగా అత్తగారు శేషమ్మ నోటినుండి "సీటు కూడా తేలేకపోయారా అల్లుడుగారూ" అను బాణము వచ్చునని అతనికి తెలియును. పెండ్లయిన నాటినుండి ఆమె యెదుట అతడు వాడు మాటలు రెండే. ఒకటి అలాగే. రెండవది అత్తయ్యగారూ. ఇంతేగాక శత్రువు పేరు ఇంట ఉచ్చరించిన బలపడునేమోనని, ఈ ఆరు వారములలో నాగవల్లి అను మాటను భార్య చెవిని పడనీయలేదు. ఆ నలభై, ఆ నలభై అనుచునే కాలక్షేపము చేసెను. ఎంత తెలివియో మీరే చూతురు.

మంగళవారము ఉదయము జనన ధ్రువపత్రము, ఫొటోలు, ఫీజు డబ్బు ప్లాస్టిక్ కవరులో చుట్టి చొక్కా లోపల దాచుకొని, శోభనాద్రి బందరులో అవనిగడ్డ బస్సెక్కి మోపిదేవి మీదికి దండయాత్ర సాగించెను. వెళ్ళి, వెదకి, చేరుతారా చేరరా అని మర్యాదగా అడిగి, చేరమనిన ఒక ముక్క కాగితము మీద వ్రాయించుకొని, నాలుగులోపల తిరిగివచ్చుట అతని వ్యూహము. మధ్యాహ్నము పన్నెండింటికి చల్లపల్లి బస్టాండులో బస్సాగెను. డ్రైవరు భోజనమునకు దిగెను. మంచినీళ్ళకై శోభనాద్రియు దిగెను. దిగునప్పుడు ఫుట్‌బోర్డు మేకుకు తగిలి కుడికాలి చెప్పు ఉంగటము తెగెను. వీరుడు చెప్పు చేతబట్టి ఒంటికాలిపై గెంతుచు తలయెత్తి చూచునప్పటికి, బందరు బస్సులు ఆగుచోట, ఎర్రంచు పట్టుచీర కట్టి, గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకొని, బెంచీ మీద నిటారుగా కూర్చున్న అత్తగారు కనబడెను.

స్తంభము చాటునకు పోవలెనని చూచెను గాని, ఒంటికాలి మీద స్తంభములు దూరము.

"అల్లుడుగారూ, ఆ చెప్పేంటి చేతిలో? ఎక్కడికి ఇట్టా?"

"మోపిదేవికే అత్తయ్యగారూ. చిన్న పనుండి."

"నేనేమో బందరు బయల్దేరా. పదింటినుంచి ఇక్కడే పడున్నా, ఒక్క బస్సు లేదు. ఇవాళ ఫీజు కట్టకపోతే సీటు పోద్దన్నాడు ఆ మోషే."

శోభనాద్రి చేతిలోని చెప్పు జారి క్రింద పడెను.

"ఏ సీటండీ?"

"ఏ సీటేంటి. పిల్ల సీటు. ముందే కడదామంటే మంగళవారం స్వామివారి రోజు, పైగా శుద్ధపక్షం. మంచిరోజు చూసి కడదామని ఆగా. మీరెందుకు మోపిదేవి?"

"నాగవల్లని ఎవరో ఉన్నారంటండీ అక్కడ. వాళ్ళని కలవాలి."

శేషమ్మ అల్లుని పైనుండి క్రిందికి చూచెను. "ఇంట్లో పిల్లని ఇంట్లో పెట్టుకుని మోపిదేవిలో ఎతుకుతున్నారా?"

అప్పుడు కదా ఆ మహావీరుని కన్నుల మీది పొర తొలగినది. ఆరేండ్లు పిల్లలు లేక, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని పుట్టకు పాలు పోసి మ్రొక్కిన మీదట పుట్టిన బిడ్డకు, ఆ గుడిలోనే బారసాల జరుగగా, పళ్ళెములో పోసిన బియ్యము మీద బంగారపుటుంగరముతో మూడు పేర్లు వ్రాసినది ఎవరు? తానే. ఒకటి నక్షత్రపు పేరు, ఒకటి భార్య ముచ్చటపడిన హాసిని, ఒకటి అత్తగారి మ్రొక్కుబడి నాగవల్లి. బియ్యము ఆనాడే పొంగలియైనది. పేరు అతని బుర్రనుండి పొంగలితోపాటు ఆవిరియైనది. ఆరు వారములు ఏ శత్రువును తిట్టుచు గేటు ముందు పడిగాపులు కాచెనో, ఆ శత్రువు రాత్రులు తన బొటనవ్రేలు పట్టుకొని నిద్రించుచుండెను.

"నాకు చెప్పలేదేంటండీ అత్తయ్యగారూ?"

"ఉగాదికి వచ్చినప్పుడు చెప్పాగా. బడి సంగతి నేను చూసుకుంటా, స్వామి పేరుతో అక్షరాలు మొదలెట్టాలని మొక్కుకున్నా అన్నా. మీరు అచ్చు చెక్క చేత్తో పట్టుకుని అలాగే అత్తయ్యగారూ అన్నారు."

అనియుండును. ఆమె ఏది చెప్పినను అతడనునది అదియే.

ఫారములు ఇచ్చు దినమునకు ముందునాటి రాత్రియే ఆమె బందరు వచ్చి చుట్టాలింట పడుకొని, తెల్లవారి ఆరున్నరకే వరుసలో నిలిచినదట. చదువురానందున మోషేయే ఫారము నింపెనట. పిల్ల పేరు నాగవల్లి, ఊరు మోపిదేవి, తెచ్చినవారు శేషమ్మ అని వ్రాసి, తక్కినవి తర్వాత చూద్దాములే అనెనట. ఏడు కొట్టకమునుపే ఆమె మోపిదేవి బస్సెక్కెనట.

రెండు గంటలకు బస్సు వచ్చెను. అత్తాఅల్లుళ్ళు ఒకే సీటున కూర్చుండిరి. బస్సు కదలిన పిదప శోభనాద్రికి ఒక దుష్టమైన ఆలోచన తోచినది. అద్దాల పెట్టెలోని కాగితము అడుగున సన్న అక్షరములతో, ఒకే బిడ్డకు రెండు దరఖాస్తులు పెట్టరాదని అచ్చువేయబడియున్నది. ఈ సంగతి బయటపడిన రెండు కాగితములును చింపి, సీటు సీతమ్మ మనుమనికి ఇత్తురేమో. బయటపడనీయకున్ననో? ఏమియు చేయనక్కరలేదు. దారిలో దిగి చెప్పు కుట్టించుకొనుచు నాలుగు దాటనిచ్చిన చాలును. నాగవల్లి సీటు దానంతటదే పోవును. ఒకటవ నంబరు హాసినికి దానంతటదే వచ్చును. ఎంతయో తడబడి అతడీ వ్యూహమును అత్తగారి చెవిన వేసెను.

శేషమ్మ కిటికీలోనుండి చేలవైపు చూచుచు పలికెను.

"ఆరేళ్ళు మా దుర్గ ఎవరింట్లో పేరంటానికీ వెళ్ళలేదు బాబూ. వెళ్తే అడుగుతారని. నేను పుట్ట దగ్గర కూర్చుని ఏడ్చిందాన్ని. ఇప్పుడు ఆ స్వామి పేరు కొట్టేయించుకుని తెచ్చుకునే సీటు మనకెందుకు?"

పెండ్లయిన పదేండ్లలో ఆమె అతనిని బాబూ అనుట అదియే మొదలు. శోభనాద్రికి కండ్లు చెమర్చెను. తన తెలివికి తానే సిగ్గుపడెను. "కట్టేద్దామండీ. మేడంగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం. తర్వాత ఆవిడ దయ," అనెను. అన్న మరుక్షణము గుడివాడ కన్నులకు కట్టెను. అయినను మాట వెనుకకు తీసుకొనలేదు.

మూడు గంటల నలుబది నిముషములకు బస్సు బందరు చేరినది. ఆ మహాధనుర్ధరుడు ఒక చేత చెప్పును, ఒక చేత అత్తగారి సంచిని ధరించి, కాలుచున్న తారురోడ్డుపై అర్ధపాదచారియై, వెనుక పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టిన మాతృమూర్తి తోడురాగా, పండ్లబండ్లను, నిలిచిన సైకిళ్ళను, ఒక పెండ్లివారి వ్యానును దాటి, మూడు ఏబదికి ఆకుపచ్చ గేటును ఛేదించెను. గేటు తెరచియే యుండెను.

"శోభనాద్రిగారూ, నలభయ్యోవాళ్ళు రాలేదు. ఇంకో పది నిమిషాలే," అని మోషే సంతోషముగా పలుకబోయి, వెనుకనున్న శేషమ్మను చూచి ఆగెను. "వచ్చారే."

సీతమ్మయు లేచి నిలబడెను. ఆమె వారి వెంట ప్రధానోపాధ్యాయిని గది గుమ్మమువరకు వచ్చి ఆగినది.

లోపల శోభనాద్రి, "ఓ ధర్మదేవతా, పేర్లు రెండైనను ప్రాణమొక్కటే, అపరాధము నాది, దండన నాకు, సీటు నా బిడ్డకు" అని యొక ప్రసంగమును బస్సులో సిద్ధము చేసుకొనియుండియు, నోరు తెరచునప్పటికి, "రెండూ మా పిల్లేనండీ" అని మాత్రము అనగలిగి, చొక్కా లోపలి కవరు తీసి బల్ల మీద పెట్టెను. తక్కిన కథ శేషమ్మ చెప్పెను. బియ్యపు పళ్ళెము దాక చెప్పెను.

అరుణకుమారిగారు కండ్లజోడు తీసి తుడిచి పెట్టుకొనిరి. రెండు ఫారములును పక్కపక్కన పరచిరి. నెత్తి మీద పంకా తిరుగుచుండెను. శోభనాద్రి ఆ పంకా వంకనే చూచుచుండెను. దాని రెక్కలు మూడనియు, ఒకదానికి తుప్పు పట్టినదనియు అతడు జన్మాంతము మరువడు.

"అయితే ఆరు వారాల్నుంచీ మీ పిల్ల మీద మీరే ఫిర్యాదు చేస్తున్నారా నాకు?"

"అవునండీ."

"రూలు ప్రకారం ఒక పిల్లకి ఒక్క ఫారమేనండీ. రెండోది పెడితే ఆ రెండోది చెల్లదు. ఆరున్నరకి ఇచ్చింది ఆవిడ. ఏడింటికి ఇచ్చింది మీరు. మీది చెల్లదు."

అనగా మామూలు మాటలలో, అత్తగారు నెగ్గెను.

"సర్టిఫికెట్లో హాసిని అని ఉంది కాబట్టి ఆ పేరు రాయాల్సిందే. ఫారంలో ఉంది కాబట్టి అదీ రాయాలి. నాగవల్లి హాసిని. ఇద్దరికీ సమ్మతమేనా? మోషే, రసీదు రాయి."

మోషే జేబునుండి ఎర్ర పెన్ను తీసెను. మూడు గంటల ఏబది యారు నిముషములకు నలుబదవ పేరు పక్కన టిక్కు పడినది. శేషమ్మ చేతులు జోడించి నైరుతిగా మోపిదేవి వైపు తిరిగెను. శోభనాద్రి గోడకానుకొని నిలిచి, చొక్కా అంచుతో ముఖమంతయు తుడుచుకొనెను. ఆనందమును, అవమానమును, ఎండను ఒక్కసారే తుడిచెను.

అంతట మోషే త్రిశంకువుల కాగితమును బయటకు తీసి, "మీ పేరు మీరే కొట్టేయండి" అని పెన్నును అతనికందించెను. ఏబది గజముల గుడ్డ మీద వెంట్రుకవాసి తప్పక అచ్చువేయు ఆ హస్తము, ఒక్క గీతను వంకరగా గీసినది. హాసిని అను ఒకటవ నంబరు తుడిచిపెట్టుకుపోయినది. శోభనాద్రి వెనుకకు తిరుగగా సీతమ్మ నిలిచియున్నది. ఆరు వారములు ముంజలు పెట్టిన మనిషి ముఖము చూచుటకు అతనికి మొగము చెల్లలేదు. రెండు కాగితములును చింపియుండినచో ఆ సీటు ఆమె మనుమనిదే.

"క్షమించండి పిన్నిగారూ. నాకు నిజంగా తెలియదు."

"ఎందుకయ్యా. పిల్ల దగ్గరే ఉంటది, అంతే చాలు. మావాడిప్పుడు ఎన్నో నంబరు?"

"ఒకటోదండీ."

"లిస్టు తీసేస్తారా?"

"జూలై ఆఖరుదాకా ఉంచుతాం," అని మోషే చెప్పెను. "మధ్యలో ఎవరైనా మానేస్తే ఒకటో నంబరుకే."

సీతమ్మ ఆ మాటను నోటిలో ముంజవలె చప్పరించెను. అటుపిమ్మట ఆరు వారములుగా శోభనాద్రి నిలిచిన చోటికే, అద్దాల పెట్టెకు ఎదురుగా నడచి వచ్చి, కొంగు సర్దుకొని, అంతులేని ఆప్యాయతతో అతని భుజము మీద చేయివేసెను.

"బాబూ, చిన్నపిల్ల. బళ్ళో బెంగ పెట్టుకుని ఏడిస్తే మాత్రం బలవంతంగా పంపమాకండి. పాపం."

శోభనాద్రి మెల్లగా భుజము తప్పించుకొనెను. శేషమ్మ అల్లుని చేయిపట్టుకొని గేటు బయటకు నడిపించెను.

విన్న జనులారా, చాటింపు వేయుడు. స్వభాను నామ సంవత్సర జ్యేష్ఠమాసమున, బందరు పురమున, మహాభీకర సమరానంతరము, నలభై నలుబదిగానే నిలిచినది, బెంచీలు పదియే, ఏ బిడ్డయు క్రింద పడలేదు, సీటున్న పిల్లకు తన సీటే దక్కినది, సీతమ్మ మనుమడు వరుణ్ అను మహావీరుడు మాత్రము, ఇంటిలో గోళీలాడుకొనుచు, వెయిటింగు లిస్టులో రెండునుండి ఒకటికి వచ్చెను.